ఎర్రగుడ్డ కట్టిన కట్టె

మార్చి మొదటి వారంలో నేను చెయ్యాల్సిన పనులు, మా గైడు ప్రతాప్ సార్ వాట్సాప్‌లో పంపినవి పంపినట్టే:

ఒకటి, రిసీవర్ బ్యాటరీ చార్జింగ్ పెట్టడం.
రెండు, బసాపురం చెరువులో మనం ట్రాన్స్‌మిటర్ పెట్టి వదిలిన పన్నెండు కొరమీనులూ ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెతకడం.
మూడు, పొద్దున ఏ చేప ఎక్కడ దొరికితే అక్కడ దూరానికి కనపడేలా ఒక గుర్తు పాతడం.
నాలుగు, నీళ్ల లోతు, వేడి రాసుకోవడం.
ఐదు, మత్స్యకారుల సొసైటీ వాళ్లతో మర్యాదగా మాట్లాడి సహకారం తీసుకోవడం.

మొదటి నాలుగూ అక్షరం పొల్లుపోకుండా చేశాను. మూడోది చేసినందువల్లే ఐదోది చెడిపోయింది.

"ఓ యాంటెన్నా! ఈడికి రాప్పా!"

ఐదో రోజు పొద్దున చెరువుగట్టు మీద నిలబడి యాంటెన్నా తిప్పుకుంటుంటే వినపడింది. చూస్తే నీళ్లలో పుట్టి మీద, అదే గుండ్రటి తెప్ప మీద, ఒక అమ్మాయి. తెడ్డు ఒక చేతిలో, నేను పాతిన కంపకట్టె ఇంకో చేతిలో. దానికి కట్టిన ఎర్రగుడ్డ గాలికి ఊగుతోంది. ఆమె మొహం కూడా అదే రంగులో ఉంది.

"ఈ కట్టె నాటింది నువ్వేనా?"

"అవును మేడం. అది లొకేషన్ మార్కర్."

"మేడం ఏంది, నేనేమన్నా టీచరమ్మనా? ఎర్రగుడ్డ ఎందుకు కట్టినావ్?"

"దూరానికి కనపడాలని."

"బాగా కనపడ్తాండాదిలే. సొసైటీలో అరవై మందికీ కనపడింది. నాలుగు దినాలుగా ఒక్కడు వల ఎయ్యలేదు!"

నాకు అర్థం కాలేదు. ఆమె పుట్టి దిగి, మోకాళ్ల లోతు బురదలో నడిచొచ్చి, ఎదురుగా నిలబడి చెప్పింది. బసాపురం చెరువులో ఎర్రగుడ్డ కట్టిన కట్టె అంటే గంగమ్మ తావు. అక్కడున్నది గుడ్లు పెట్టాల్సిన విత్తనపు చేప. దాని చుట్టూ పది బారల దూరంలో ఎవరూ వల వెయ్యకూడదు, గాలం కూడా వెయ్యకూడదు. ఏటా ఎండాకాలంలో ఒకటో రెండో కట్టెలు పాతుతారు, అంతే. ఆ పాతే హక్కు కూడా వాళ్ల అవ్వ హనుమక్క ఒక్కదానిదే.

నేను నాలుగు రోజుల్లో నలభై ఎనిమిది పాతాను.

"నలభై ఎనిమిది! గంగమ్మకు కూడా అంత తావు అక్కర్లేదప్పా. చెరువంతా నువ్వే రాయించుకున్నావా?"

"ముందే చెప్పొచ్చు కదండీ."

"నువ్వు అడిగినావా?"

అడగలేదు. విడపనకల్లు దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, ఎమ్మెస్సీ జువాలజీ చేసినవాణ్ని. సార్లు చెప్పింది చెయ్యడం తెలుసు. మిగతావాళ్లను అడగాలని ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి పేరు అరుణజ్యోతి. ఊరంతా జ్యోతి అంటారు. సొసైటీ సెక్రటరీ. అమ్మానాన్నలు బెంగళూరులో మేస్త్రీ పనికి పోతే అవ్వ దగ్గరే పెరిగింది. ఆ పొద్దున ఆమె గట్టు మీద కూర్చుని వేలు చూపించింది, నేను బురదలో దిగి పీకాను.

"ఆడొకటి మిగిలింది. ఎడమకు. ఎడమంటే ఎడమచెయ్యి, ఎమ్మెస్సీ!"

సగం పీకేసరికి గట్టు మీద ఒక ముసలావిడ ప్రత్యక్షమైంది. "ఎవుర్రా నా కట్టెలు నాటింది?" అని అరిచిన అరుపుకు కొంగలు లేచిపోయాయి. ఆమే హనుమక్క.

కానీ తిట్టలేదు. ఇంకా మిగిలిన కట్టెలను ఒక్కొక్కటే చూసింది. "ఈ తావులో పొద్దున ఉంటాది, ఎండెక్కితే ఆ జమ్ముగడ్డిలేకి పోతాది. దీనికి కట్టె దండగ. ఇది కూడా తిరిగేదే. ఆ మూలది మాత్రం ఈడే ఉంటాది, కదలదు."

నోట్‌బుక్ తెరిచాను. మూడు చేపలు. మధ్యాహ్నం రీడింగులు. మూడూ ఆమె చెప్పినట్టే ఉన్నాయి.

"ఎట్ల తెలుసవ్వా?"

"కొరమీను గాలి కోసరం పైకొస్తాది కదా నాయనా. వచ్చిపోయినాక నీళ్లు తిరుగుతాయి. సూసుకుంటా కూసుంటే తెలుస్తాది."

"ఎన్నాళ్లు కూర్చున్నావ్?"

"యాభై ఏండ్లు."

నేను కూర్చున్నది నాలుగు రోజులు.

మరుసటి రోజు నీలం రిబ్బన్లు కొనుక్కొచ్చాను. జ్యోతి పుట్టి ఆపి అడిగింది. "నీలం గుడ్డకు మా ఊర్లో ఏమర్థమో తెలుసా?"

కడుతున్న రిబ్బన్ వదిలేశాను. "ఏమర్థం?"

"ఏం లేదు. ఈ తూరన్నా అడుగుతావేమోనని సూసినా."

అలా ఉండేది. పలకరిస్తే పోట్లాట, పలకరించకపోతే ఎందుకు పలకరించలేదని పోట్లాట. అయినా పొద్దున చెరువుకు వచ్చేటప్పుడు యాంటెన్నా కంటే ముందు నా కళ్లు పుట్టిని వెతకడం మొదలుపెట్టాయి. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో తెలియక రాయలేదు.

ఏప్రిల్‌లో నీళ్లు తగ్గాయి. చేపలూ తగ్గాయి. జ్యోతి ఒకరోజు పేపర్లో చుట్టిన ట్రాన్స్‌మిటర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మూడో నంబరు. మా పక్కింట్లో దొరికింది. పులుసు బాగుండిందంట."

ఎనిమిదో నంబరు ఎవరి గంపలోనో షేర్ ఆటో ఎక్కి కళ్యాణదుర్గం పోతే, నేను వెనక ఆటోలో యాంటెన్నా బయటికి పెట్టుకుని తరిమాను. పక్కన కూర్చున్నాయన "కేబులోళ్లా అన్నా? మా వీధిలో నాలుగు దినాలుగా రాలేదు" అన్నాడు. చేప దొరకలేదు. కేబుల్ కంప్లయింట్ మాత్రం రాసుకున్నాను.

మే మొదటి వారానికి మిగిలింది ఒక్కటే. ఏడో నంబరు. అవ్వ కదలదని చెప్పిన మూలది.

ఒక సాయంత్రం గట్టు మీద జ్యోతికి విషయం చెప్పాను. "జూన్ ముప్పైతో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఒక్క చేపైనా ఎండాకాలం దాటి బతికిందని చూపిస్తే ప్రాజెక్టు ఇంకో సంవత్సరం ఇస్తారు. లేకపోతే నేను విడపనకల్లు పోవాల్సిందే."

"అంటే నువ్వు ఈడ ఉండేదీ పోయేదీ ఒక చేప చేతిలో ఉండాది."

"చేపకు చేతులుండవు కదండీ."

"నీకు తలకాయ ఉండదు!" అని లేచిపోయింది. ఎందుకు కోపం వచ్చిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మే చివరికి ఆ మూల కూడా ఎండింది. నేల పెళ్లలు పెళ్లలుగా పగిలింది. ఏడో నంబరు సిగ్నల్ మాత్రం ఆ పగుళ్ల కింద నుంచే, అదే చోట నుంచే వస్తోంది. పది రోజులు. సార్‌కు ఫోన్ చేశాను.

"పది రోజులు కదలకపోతే చనిపోయినట్టే రాయి, తిప్పేష్. తవ్వి ట్రాన్స్‌మిటర్ తీసుకొచ్చెయ్."

గడ్డపార భుజాన వేసుకుని పోయాను. తీరా చూస్తే ఆ చోట కొత్త కంపకట్టె, దానికి ఎర్రగుడ్డ. దాని పక్కనే గొడుగు వేసుకుని జ్యోతి.

"లేవండి."

"లేను."

"చేప చచ్చిపోయిందండీ."

"నువ్వు సూసినావా?"

"రూల్ ఉంది. పది రోజులు కదలకపోతే..."

"ఆ రూల్ రాసినోడు బసాపురం ఎప్పుడన్నా వచ్చినాడా?"

ఎండ నెత్తిమీద మండుతోంది. నాకు సహనం అయిపోయింది. "మూణ్నెల్లుగా ఇదే! నేను ఏం చేసినా అడ్డం. నా ఉద్యోగం ఇది. పక్కకు లేవండి!"

గట్టు మీది నుంచి హనుమక్క మెల్లగా దిగొచ్చింది. ఒక మట్టిపెళ్ల ఎత్తి, కింద వేలు పెట్టి, ఆ వేలు నా చేతికి ఆనించింది. చల్లగా ఉంది. తడి.

"బురదలో ముడుసుకొని పండుకొని ఉంటాదప్పా. వాన పడితే లేస్తాది. ఇప్పుడు తవ్వినావంటే ఎండకు సస్తాది. నీ ఇష్టం."

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. బతికుందని రుజువు లేదు. చచ్చిందనీ లేదు. రుజువు కావాలంటే తవ్వాలి, తవ్వితే చేప ఉండదు. నాకు చదువు చెప్పినవాళ్లకు అంతవరకు ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు. ఫోన్ తీశాను.

"సార్, తవ్వను. వాన పడేదాకా ఆగుతాను."

"కాంట్రాక్టు ముప్పైతో ఆఖరు, తెలుసు కదా?"

"తెలుసు సార్."

జ్యోతి లేచి గొడుగును నా నెత్తిమీదికి కూడా పట్టింది. ఆమె నాకు చోటివ్వడం అదే మొదటిసారి చూశాను. తర్వాత మెల్లగా అడిగింది. "ఎందుకట్ల సెప్పినావ్?"

"అవ్వ చెప్పిన మూడూ అప్పుడు కరెక్ట్ అయ్యాయి. డేటా అలా ఉంది కదా."

"డేటా అంట, డేటా!" గొడుగు మూసి నా గడ్డపారను ఒక్క తన్ను తన్నింది. కాలు నొప్పి పుట్టింది. దానికీ నన్నే తిట్టింది.

జూన్ అంతా మబ్బులు వచ్చాయి. రాప్తాడులో పడిందంటారు, కళ్యాణదుర్గంలో పడిందంటారు. మా చెరువు మీదికి వచ్చేసరికి మబ్బుకు ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేది. ఇరవై తర్వాత నేను ఆకాశం చూడటం మానేసి సంచి సర్దుకున్నాను.

ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం వాన పడింది. మామూలుగా కాదు. గట్టు కనపడలేదు.

మరుసటి పొద్దున ఆ మూలలో మోకాళ్ల లోతు ఎర్రనీళ్లు. నేను యాంటెన్నా పట్టుకున్నాను, జ్యోతి రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకా తుంపర పడుతోంది. ఆమె వెంట్రుకల మీద నీటిచుక్కలు నిలబడి ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

"సిగ్నల్ తగ్గిందప్పా."

"ఆ?"

"నన్ను కాదు, ఆడ సూడు! తగ్గిందంటాండా!"

యాంటెన్నా తిప్పాను. కట్టె దగ్గర సన్నగా ఉంది. ఎడమకు తిప్పితే గట్టిగా కొట్టింది. జమ్ము వైపు. క్షణం తర్వాత ఇంకా ఎడమకు.

"కదిలింది! జ్యోతీ, కదిలింది!"

"మేడం, అండీ అనేది యాడికి పోయింది?" అంటూనే నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం పరుగెత్తాం, ఇద్దరం జారాం, ఇద్దరం బురదలో కూర్చున్నాం. రిసీవర్ మాత్రం ఆమె నెత్తిమీద ఎత్తి పట్టుకుంది. నేను సైన్సులో అంత అంకితభావం ఎక్కడా చూడలేదు.

గట్టు మీది నుంచి హనుమక్క అరిచింది. "లేసిందా?"

"లేసిందవ్వా!"

"లేయక యాడికి పోతాది" అని ఆమె ఇంటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే సార్ ఫోన్ చేశారు, ప్రాజెక్టు పొడిగిస్తారట. ముప్పయ్యో తేదీ పొద్దున తలుపు తీస్తే, నా అద్దె గది వాకిట్లో ఒక కంపకట్టె పాతి ఉంది. దానికి ఎర్రగుడ్డ. నేను సొసైటీ ఆఫీసుకు పోయి జ్యోతికి చెప్పాను. "ఎవరో పొరపాటున నా గది ముందర అవ్వ కట్టె పాతారు. అక్కడ చేపలేం లేవు."

జ్యోతి రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఎర్రగుడ్డ కట్టెకు అర్థమేంది?"

"ఇంకెవరూ అక్కడ వల వెయ్యకూడదని."

ఆమె నా వైపు చూస్తూ ఉండిపోయింది. నా చెవులు వేడెక్కడం నాకే తెలుస్తోంది.

"ఇంగా సెప్పల్నా?"

"వద్దు. అర్థమైంది." "నాక్కూడా... మార్చి నుంచీ..."

"నాలుగు నెల్లు పట్టిందా నీకు! కొరమీను నయం."

అంతలో వీధిలో అరుపు. ఇద్దరం పరుగున గది దగ్గరికి పోయాం. హనుమక్క కట్టె ముందర నిలబడి ఉంది. "నన్ను అడగకుండా ఎవురే దీన్ని నాటింది?"

జ్యోతి నా వెనక దాక్కుంది. ఇంత ధైర్యవంతురాలు ఒకరి వెనక దాక్కోవడం కూడా మొదటిసారే చూశాను. అవ్వ మా ఇద్దర్నీ చూసింది. కట్టెను పట్టుకుని ఊపింది. వదులుగా ఉంది.

"తావు సరిగ్గానే ఉండాది" అంది. "లోతు సాల్లేదు."

పక్కనున్న రాయి ఎత్తి, కట్టె నెత్తిన నాలుగు దెబ్బలు వేసి, ఊగకుండా దిగ్గొట్టి వెళ్లిపోయింది.

మా పెళ్లయిన ఏడాదికి పరిశోధనా వ్యాసం అచ్చయింది. మొదట ప్రతాప్ సార్ పేరు, తర్వాత నా పేరు. మూడో పేరు హనుమక్కది ఉండాలని మూడుసార్లు రాశాను. అలా వీలుపడదన్నారు. చివర్న "స్థానికుల సహకారానికి కృతజ్ఞతలు" అని ఒక వాక్యం వచ్చింది. అది చదివి జ్యోతి నన్ను రెండు రోజులు తిట్టింది. ఈసారి ఎందుకో నాకు ముందే తెలుసు.

అందుకే ఈ కథ రాశాను. ఆ "స్థానికులు" అరవై మంది కాదు, ఒక్కరే. బసాపురం చెరువుగట్టు మీద యాభై ఏళ్లు కూర్చుని నీళ్లు చూసిన మనిషి. ఎండిన చెరువులో చేప బతికే ఉంటుందని ఎవరైనా మీకు పుస్తకంలోంచి చెప్తే, ఆ మాట ముందు చెప్పింది హనుమక్క అని దయచేసి గుర్తుపెట్టుకోండి.