నల్లపొడి పారబోసినవాడు

వాన పడితే ఆమెకు ఇప్పటికీ ఆ పాత ల్యాబే గుర్తొస్తుంది. కిటికీ రెక్క సరిగా మూతపడేది కాదు. జల్లు కొట్టి సింకు పక్క బల్ల తడిసిపోయేది.

అక్కడే అతనితో మొదటి తగువు.

"ఈ ఫ్లాస్కులో నల్లపొడి ఉండాలి. ఏదీ?"

కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలర్ చేతులు తుడుచుకున్నాడు. "అడుగున మడ్డి ఉంటే కడిగేశానండీ."

"మడ్డా? అది నా క్యాటలిస్టు."

ఇనుప ఆక్సైడ్ నానోరేణువుల మీద పల్లాడియం అనే లోహం ఎక్కించి, రియాక్షన్ వేగం పెంచడానికి తయారుచేసిన పొడి అది. రియాక్షన్ అయ్యాక ఫ్లాస్కు బయట అయస్కాంతం ఆనిస్తే పొడంతా గాజుకు అతుక్కుంటుంది. ద్రవం వంపేసి, పొడిని కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. ఎన్నిసార్లు వాడినా పనిచేస్తుందని చూపడమే ఆమె థీసిస్.

మర్నాటి నుంచి అతను పిలవకుండానే వచ్చి కొత్త పొడి చేయడంలో సాయపడ్డాడు. ల్యాబంతా అతనికి 'కడుగుబాబు' అని పేరు పెట్టింది. అతనూ పిలిస్తే పలికేవాడు. ఆమె మొదట మూతి ముడుచుకుంది, తర్వాత నవ్వు ఆపుకుంది, ఆ తర్వాత అతను ఆలస్యంగా వస్తే తలుపు వైపే చూసేది.

కానీ కొత్త పొడి పనితనం వాడేకొద్దీ తగ్గిపోయింది.

"థీసిస్‌లో మొదటి రిజల్ట్స్ వరకే రాసి ఊరుకుంటాను," అంది.

"తగ్గిందనే రాయండి. ఎందుకు తగ్గిందో కూడా చూద్దాం."

"పారబోసిందీ మీరే, నీతులు చెప్పేదీ మీరేనా?"

అతను గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చాలా రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆమె మాత్రం పంతం కొద్దీ వంపేసిన ద్రవాన్ని పరీక్షకు పంపింది. పల్లాడియం కొద్దికొద్దిగా అందులోకి జారిపోతోందని తేలింది. ఉన్నదున్నట్టు రాసింది. వైవాలో పరీక్షకులు అడిగిందీ అదే, మెచ్చుకున్నదీ అదే.

బయటికొస్తే వరండాలో అతను.

"ఏమన్నారు?"

"పాసయ్యాను. మీరెందుకొచ్చారు? మనకి మాటల్లేవుగా."

"మాటల్లేకుండా ఉండటం నా వల్ల కావట్లేదు. అది చెప్పడానికే వచ్చా."

"నా వల్లా కావట్లేదు," అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఒకతన్ని ఇంటికి తీసుకొస్తున్నా."

"ఎలాంటివాడే?"

"నేను తప్పు చేయబోతే నాతో పోట్లాడతాడు."

"తీసుకురా," అంది అమ్మ. "నాన్నతో నేను మాట్లాడతాలే."