వసంతమ్మ హోటల్ గడియారం

"సాయిచంద్! సాయంత్రం శాస్త్రవేత్తల విమానం దిగుతుంది. దాన్ని దారి తప్పించే జామర్‌ను మొయినాబాద్, చేవెళ్ల మధ్య ఏదో పాలీహౌస్‌లో దాచారు. విదేశీ ముఠా." చీఫ్ అరుణాదేవి చెయ్యి చాపింది. "ఫోన్ ఇచ్చెయ్. వాచీ కూడా. అందులో ట్రాన్స్‌మీటర్ ఉంది. సిగ్నల్ పసిగడితే పారిపోతారు."

ఏజెంట్ సాయిచంద్ పెళ్లి ఫోటోల వాడి వేషంలో ముడిమ్యాల దారిలోని వసంతమ్మ టీ హోటల్ ముందు దిగాడు. కమాండోలు పూల వ్యాన్‌లో వెనకే వచ్చారు. అక్కడన్నీ గులాబీ తోటలాయె, ఎటు చూసినా తెల్లటి ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్‌లే. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, టీ గ్లాసు. సంతోషి వచ్చి పక్కన కూర్చుంది. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్ ఆమె.

"బంతిపూలున్నయా?" అడిగింది సంతోషి.

"గులాబీలే ఉన్నయి."

కోడ్ కుదిరింది. "జామర్ పక్కన నీలం టార్పాలిన్ కప్పిన జనరేటర్ ఉంటది. ఏ తోటనో ముఠావోళ్లు నాకు గూడ చెప్పలే," అని లేచి వెళ్లిపోయింది.

సాయిచంద్ పెళ్లి ఫోటోల డ్రోన్ ఎగరేశాడు, సిగ్నల్ పంపకుండా తనంతట తిరిగొచ్చే రకం అది. దాని కెమెరాకు జీపీఎస్ లేదు. డ్రోన్ ఏ వేళకు ఎక్కడుందో లాగ్‌లో ఉంటుంది, ఫోటో ఏ వేళకు తీసిందో కెమెరా చెబుతుంది. దిగాక రెండింటినీ కలిపితే ప్రతి ఫోటోకూ దాని చోటు దొరుకుతుంది. అందుకే ఎగరేసే ముందే కెమెరా టైమ్ సరిచేశాడు. ఫోన్ లేదు, వాచీ లేదు, లాప్‌టాప్ దూరంగా ఆపిన వ్యాన్‌లో ఉంది, ఏం చేస్తాడు? హోటల్ గోడ గడియారం చూసి పెట్టాడు.

వ్యాన్‌లో లాప్‌టాప్ మీద ఫోటోలకు లొకేషన్లు ఎక్కాయి. చివరి ఫోటోలకు మాత్రం లాగ్ దొరకలేదు. మనసులో ఏదో గుచ్చుకుంది. 'బ్యాటరీ తగ్గి లాగ్ ముందే ఆగిపోయిందిలే' అని తోసేశాడు. నీలం టార్పాలిన్ మైసయ్య అనే రైతు తోటలో తేలింది మరి!

కమాండోలు షీటు చింపి దూకారు. మొగ్గలు బూట్ల కింద నలిగాయి. ముసలి మైసయ్య చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"జనరేటర్ ఎక్కడ?"

"కరెంటు బిల్లుకే దిక్కులేదు సారూ, జనరేటర్ ఏడికెల్లి వస్తది?"

వసంతమ్మ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. "మా తమ్ముడేం చేసిండు మీకు? ఐదింటి పట్నం బస్సుకు పూలెయ్యాలె, బస్సొచ్చే యాళ్లయింది!"

"ఐదు దాటింది, బస్సు పోయి ఉంటుంది కదమ్మా, నీ గడియారం ప్రకారం..." సాయిచంద్ కెమెరాలో టైమ్ చూస్తూ అన్నాడు.

"అది పది నిమిషాలు ముందుంటది కొడుకా. బస్సు తప్పిపోవద్దని మేమే అట్ల పెట్టినం."

అంటే కెమెరా కూడా పది నిమిషాలు ముందే ఉందని సాయిచంద్‌కు అర్థమైంది. "ఇప్పుడే వస్త బాపు!" అని వ్యాన్ వైపు పరుగెత్తాడు, ఆ కట్లు విప్పమని చెప్పడం కూడా మరిచి. పది నిమిషాలు తీసేసి మళ్లీ కలిపాడు. చోటు దొరకని ఫోటోలన్నిటికీ చోటు దొరికింది. నీలం టార్పాలిన్ రోడ్డవతలి తోటకు జరిగింది.

కమాండోలతో అక్కడికి చేరితే, జామర్ పెట్టె మీద కాలు మీద కాలేసుకుని సంతోషి కూర్చుని ఉంది.

"నాకు గూడ ఇప్పుడే చెప్పిండ్రు. ఎవరు ముందొస్తే వాళ్ల దిక్కు ఉందామనుకున్న. ఆ దిక్కోళ్లు దారిల ఉన్నరు. జల్ది కానియ్!"

ఎర్ర లైటు వెలిగింది. నెత్తి మీద విమానం మోత. సాయిచంద్ వైరు పీకేశాడు. విమానం తిన్నగా సాగిపోయింది. గేటు దాటి లోపలికొచ్చిన ముఠాను కమాండోలు పట్టుకున్నారు.

తిరిగి వస్తే మైసయ్య ఇంకా కట్లతోనే ఉన్నాడు. సార్ చెప్పనిదే విప్పేది లేదన్నారట కాపలా కమాండోలు. వసంతమ్మ గ్లాసుతో తమ్ముడికి టీ తాగిస్తోంది. సాయిచంద్ మోకాళ్ల మీద కూర్చుని ముడులు తనే విప్పాడు. మణికట్లు కమిలిపోయాయి.

"తప్పు నాదే బాపు. అనుమానమొచ్చినా ఆగి చూడలే."

"దేశం పని అంటున్నరు గద. పోనియ్."

తిడితే బాగుండు అనిపించింది అతనికి.

"చేతులు తిమ్మిరెక్కినయి. ఈ పూలెవరు కడ్తరు మరి?"

ముఠాలను పట్టిన ఏజెంటు చీకటి పడేదాకా గులాబీ కట్టలు కట్టాడు. ముళ్లు గుచ్చుకున్నా చెయ్యి తీయలేదు. ఆలోపే పట్నం బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది.

వసంతమ్మ హోటల్లోకి వెళ్లి స్టూలెక్కి గడియారం ముల్లు తిప్పసాగింది.

"సరిచేస్తున్నవా అవ్వా?" సాయిచంద్ ఆశగా అడిగాడు.

"ఇంక జర ముందుకు పెడ్తున్న. మీ అసొంటోళ్లు గూడ వచ్చే ఊరాయె!"