పొయ్యిలో పెట్టిన పాదాలు

ఆ ఉదయం నాన్న కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉత్తరాలు పంచే పోస్టామెకి కొత్త బూట్లు కుట్టాలి. ఆమె ఎడమ పాదం లోపలికి వంగి ఉంటుంది. మామూలు బూట్లు వేసుకుంటే సాయంత్రానికి పుండ్లు పడతాయి.

అలాంటి పాదాలకు బూట్లు చేయడమే ఆ ఇంటి వృత్తి. ముందు గది దుకాణం, వెనక గదులు కాపురం. ఒకప్పుడు నాన్న ఒక్కొక్కరి పాదానికీ ఒక చెక్క అచ్చు చెక్కి అటక నిండా పేర్చుకునేవాడు. చేతులకు వణుకు మొదలయ్యాక కొడుకు ఒక కంపెనీవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు అచ్చులన్నిటినీ కొలిచి తమ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించారు. అద్దె కడుతున్నంతకాలం అందులో పాదం బొమ్మ తెరిస్తే చాలు, మూలనున్న మిషన్ కొత్త అచ్చు చెక్కిపెట్టేది. ఇంక ఈ చెక్కలెందుకు, ఇరుకు తప్ప అన్నాడు కొడుకు. ఆ చలికాలమంతా ఇంట్లో వేడినీళ్లకు కరువు లేకపోయింది.

కూతురు అప్పుడే వద్దంది. ఒక కాలు పొట్టిగా పుట్టిన పిల్ల. చిన్నప్పటి నుంచీ జీతం బత్తెం లేకుండా ఆ దుకాణంలోనే పనిచేస్తోంది. ఊరికే దొరికే ప్రోగ్రాములున్నాయనీ, వాటి లోపలి రాత ఎవరైనా చూసి బాగుచేసుకోవచ్చనీ, చేసినవాళ్లు చేతులెత్తేసినా మన కొలతలు మన దగ్గరే ఉంటాయనీ నచ్చజెప్పబోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. ఊరికే వచ్చేదానికి విలువేముంటుందే అని నాన్న ఆ మాట అక్కడితో తుంచేశాడు.

ఈరోజు తెర మీద ఒకే ఒక్క ముక్క రాసి ఉంది. కంపెనీ మూతపడిందట. పోస్టామె పాదం తెరుచుకోలేదు. ఎవరి పాదమూ తెరుచుకోలేదు.

కొడుకు పరుగున వచ్చి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎత్తే నాథుడు లేడు. ఆ కొలతలకు చెల్లెలు దాచిన నకళ్లయితే ఉన్నాయి గానీ, ఆ కంపెనీ ప్రోగ్రామ్ తప్ప మరేదీ వాటిని చదవలేదు. చివరికి వాడు విసుగంతా చెల్లెలి మీదికి తిప్పాడు.

"నువ్వు చెప్పినదైతే చెడిపోదా? ఊరికే ఇచ్చేవాణ్ని నిలదీయడానికైనా ఉండదు."

"చెడిపోతుంది అన్నయ్యా. నేర్చుకోవాలి, తంటాలు పడాలి. తెలిసినవాణ్ని పిలిచి బాగుచేయించుకోవాలి. కానీ పాదాలు మనకుండేవి."

"అంత తెలిసినదానివి, అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా," అన్నాడు నాన్న.

ఆ మాటకి ఆమె చేతిలో పని ఆగిపోయింది.

"చెప్పాను నాన్నా. ఊరికే వచ్చేదానికి విలువ ఉండదన్నావు. ఈ ఇంట్లో ఊరికే పనిచేసేది నేనొక్కదాన్నే. ఇంకెంత గట్టిగా చెప్పను?"

కొడుకు తల దించుకున్నాడు. నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. చనిపోయినవాళ్లు పోగా మిగిలిన ప్రతి ఒక్కరినీ మళ్లీ పిలిచి, కూర్చోబెట్టి కొలవాలి. ఈ చేతులతో ఉలి మాట అటుంచి, టేపు పట్టుకోవడమే గగనం. ఉన్నదంతా తానే పొయ్యిలో పెట్టుకున్నాడు.

లేచి లోపలికెళ్లి, మంచం కింద నుంచి గుడ్డలో చుట్టిన చిన్న అచ్చు ఒకటి తెచ్చాడు. కూతురి పసి పాదం. అతను చెక్కిన మొదటి అచ్చు అదే. ఆ పాదం కోసమే ఈ వృత్తిలోకి దిగాడు.

"దీన్ని కాల్చలేకపోయానమ్మా. నిన్ను మాత్రం..." అని ఆగిపోయాడు.

ఆ అచ్చు ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. కూతురు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

నాన్న నేల మీద చతికిలబడి, టేపు తీసి ఆమె పొట్టి కాలిని దగ్గరకు తీసుకున్నాడు. "నీతోనే మొదలుపెడదాం. నువ్వు చెప్పిన ప్రోగ్రామ్‌లోనే ఎక్కించు." టేపు ఒకచోట నిలవలేదు. ఆమె వంగి అతని చేతిని తన చేత్తో అదిమి పట్టుకుంది.

"ఎంతుందో నువ్వే చూడమ్మా," అన్నాడు నాన్న. "నాకు కనబడ్డం లేదు."