గండిలో అడిగే గొంతు

చీకటి పడ్డాక ఆ గండిలోంచి బండి తోలడానికి ఎవడూ ఇష్టపడడు. తప్పనిసరైతే తోలతాడు. తోలినవాడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం తినకుండానే ముసుగు తన్ని పడుకుంటాడు.

గండి అంటే మరేం కాదు. పాతకాలంలో రైలు దారి వేసినప్పుడు అడ్డొచ్చిన గుట్టను నిలువునా కోశారు. రెండు పక్కలా నాలుగు నిలువుల ఎత్తున రాతిగోడలు, మధ్యలో ఒకే జత పట్టాలు. పక్కకి తప్పుకుందామంటే చోటుండదు. నట్టనడుమ మాత్రం ఒక పక్క గోడని కాస్త లోపలికి తొలిచారు, చిన్న గది అంత.

అక్కడికి వచ్చేసరికి, ఇంజను మోతలో కూడా వినపడేటట్టు, ఎవరో అడుగుతారట...

"ఎంతమంది?"

అంతే. ఇంకో మాట ఉండదు.

ఈ ప్రశ్న ఎందుకు భయపెడుతుందో తెలియాలంటే ఆ దారి సంగతి తెలియాలి. సర్కారు రైళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. పట్టాలు మిగిలాయి. జనం ఊరుకోకుండా నాలుగు చెక్కలు కొట్టి బల్ల చేశారు. దాని కింద రెండు ఇరుసులు, వెనక నీళ్ళు తోడే ఇంజను ఒకటి, ఇంజనుకీ ఇరుసుకీ మధ్య ఒక బెల్టు. అదే బండి. బ్రేకు అంటే చక్రం మీద కాలితో నొక్కే చెక్కముక్క. దాని మీదే బస్తాలు వెళ్ళేవి, మేకలు వెళ్ళేవి, పెళ్ళివారు వెళ్ళేవారు, రోగులు వెళ్ళేవారు.

దారి ఒక్కటే. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే? ఏ బండిలో మనుషులు తక్కువో ఆ బండి దిగాలి. ఇంజను ఎత్తి పక్కన పెట్టాలి, బల్ల ఎత్తాలి, ఇరుసులు ఎత్తాలి. ఎక్కువమంది ఉన్న బండి వెళ్ళిపోయాక మళ్ళీ అన్నీ బిగించుకోవాలి. పగలైతే చూస్తే తెలుస్తుంది. రాత్రయితే డ్రైవర్లు కేకేసుకుంటారు. "ఎంతమంది?" అని ఒకడు. "నలుగురం" అని ఇంకొకడు. "మేం ఇద్దరమే, దించుతున్నాం." ఇది ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆ చీకట్లో అబద్ధం చెప్పొచ్చన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చేది కాదు.

తర్వాత తారురోడ్డు పడింది. సరుకు లారీలెక్కింది. బండ్లు మాత్రం చూడ్డానికొచ్చే టూరిస్టుల కోసం మిగిలాయి. పట్నం మనుషులు బల్ల మీద కూర్చుని, కాళ్ళు వేలాడేసి, బండి ఎగిరినప్పుడల్లా కేరింతలు కొట్టి, ఆ చివర నది దగ్గర కూలిన వంతెన చూసి, ఫోటోలు తీసుకుని తిరిగొస్తారు. కొందరైతే పనిగట్టుకుని గండిలో దెయ్యం కోసమే సాయంత్రం బండి అడుగుతారు.

డ్రైవర్లందరికీ ఆ గొంతు తలా ఒకసారి వినపడింది. ఒక్కసారే. జవాబు చెప్పినవాణ్ణి మళ్ళీ అడగదట.

"నేను 'ఆరుగురం' అన్నానురా" అనేవాడు బట్టతల డ్రైవరు, షెడ్డులో టీ తాగుతూ. "చల్లగాలి ఒకటి మొహాన కొట్టి పోయింది. మూడు రోజులు జ్వరం. ఆ తర్వాత మళ్ళీ నా మొహం చూడనే లేదు."

"నీ మొహం రెండోసారి చూడాలని దెయ్యానికైనా ఎందుకుంటుంది?" అనేవారు మిగతావాళ్ళు.

ఆ గొంతు విననివాడు ఒక్కడే. యాభై దాటిన మనిషి. పొద్దుగూకే వేళకి బండి షెడ్డు చేరాల్సిందే, ఎవరు ఎంత బతిమాలినా కదలడు. అందుకని వాళ్ళంతా అతనికి పగటిబండి అని పేరు పెట్టారు. అతని అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తులేదు.

"పగటిబండికి కోడిపిల్లంత గుండె" అని బట్టతల నవ్వితే, అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ఇంజను తుడుచుకుంటూ ఉండేవాడు.

ఈ ఎగతాళంతా బండ్లు బాగుచేసే మెకానిక్ షెడ్డులో లేనప్పుడే. అతను గుమ్మంలో కనపడితే అందరూ వేరే మాట ఎత్తుకునేవారు. ఎందుకంటే గండిలో పోయింది మెకానిక్ భార్య.

నాలుగేళ్ళ కిందటి మాట, అప్పటికింకా తారురోడ్డు పడలేదు. నిండు నెలల మనిషి. రాత్రి, కుండపోత. మెకానిక్, అతని అత్తగారు ఆమెను బండి మీద పడుకోబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరారు. గండిలో ఎదురుబండి వచ్చింది.

"ఎంతమంది?" అని మెకానిక్ అరిచాడు.

"ఏడుగురం" అని అటునుంచి వచ్చింది జవాబు.

వీళ్ళు ముగ్గురు. దించారు. ఆమెను ఎత్తి గోడ తొలిచిన చోట రాళ్ళ మీద పడుకోబెట్టారు. మెకానిక్ వానకి తన వీపు అడ్డం పెట్టి, గోడవైపు తిరిగి, ఆమె మీద వంగి కూర్చున్నాడు. వెనక నుంచి బండి వెళ్ళిపోయింది. మళ్ళీ బండి బిగించి ఆమెను ఎక్కించేసరికి రక్తం ఆగడం లేదు. ఆస్పత్రి మెట్లదాకా కూడా రాలేదు ఆ తల్లీ, బిడ్డా.

ఏడుగురితో వెళ్ళిన ఆ బండి ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఎందుకంటే ఆ రాత్రి ఏడుగురితో వెళ్ళిన బండే లేదు.

ఉన్నది ఒక్క మనిషి. పద్నాలుగు బస్తాలు, వాటి మీద కట్టిన టార్పాలిను. ఒంటరిగా ఆ పద్నాలుగూ వానలో దించి, మళ్ళీ ఎక్కించే ఓపిక లేక పగటిబండి నోటికొచ్చిన లెక్క చెప్పాడు. అటునుంచి "ముగ్గురం" అన్న మాట విన్నాడు. దాని వెనక ఇంకేదో అన్నారు... వాన చప్పుడులో కలిసిపోయింది. ఏమన్నారని అడగలేదు. తల దించుకుని బండి తోలేశాడు.

తెల్లారి తెలిసింది.

అప్పట్లో మెకానిక్‌తో అతనికి పరిచయం కూడా లేదు. ఆ తర్వాతే వెళ్ళి పలకరించాడు. షెడ్డు వేసుకుంటుంటే రేకులు మోశాడు. జ్వరమొస్తే పక్కన కూర్చున్నాడు. "సొంత అన్న కూడా ఇంత చూడడు" అని మెకానిక్ అందరికీ చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పగటిబండి లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒక్కటే భయం అతనికి. గండిలో ఆ గొంతు అడిగితే తను ఏం చెప్పాలి? ఏం చెప్పినా... వినేది ఎవరు?

* * *

ఒకరోజు మధ్యాహ్నం పగటిబండి దగ్గరికి ఇద్దరొచ్చారు. ఆవిడ రిటైరైన నర్సు, అరవై అయిదేళ్ళుంటాయి, మోకాలికి పట్టీ. వెంట తమ్ముడు, మెళ్ళో కెమెరా.

"దెయ్యం ఎక్కడుంటుంది డ్రైవర్ గారూ?" అన్నాడు తమ్ముడు, బల్ల మీద కూర్చోకముందే.

"దెయ్యం లేదు, గియ్యం లేదు సార్. గట్టిగా పట్టుకోండి."

"ముందు నువ్వు సరిగ్గా కూర్చో" అంది అక్క. "నువ్వు పడితే ఆ దెయ్యం కూడా నిన్ను లేపలేదు."

గండి దాటుతున్నప్పుడు తమ్ముడు ఊరుకోలేదు. గెస్ట్‌హౌసులో విన్న కథంతా అక్కకి చెప్పాడు. ఆవిడ నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. తొలిచిన గోడవైపు అలా చూస్తూ ఉండిపోయింది.

"ముప్ఫై ఏళ్ళు కాన్పులు చేశాను నాయనా" అంది చివరికి, డ్రైవరు వీపువైపు చూసి. "రక్తం పోయే మనిషిని కదపకూడదు. రెండుసార్లు కదిపారంటున్నారు."

"దించకపోతే... బతికేదా అమ్మా?"

అడిగాక అతనికే ఆశ్చర్యమేసింది, ఎందుకడిగానా అని.

"ఎలా చెప్పగలం? బతికే దారి ఒకటి ఉండేది. అంతవరకే."

అతను బండి వేగం పెంచాడు.

నది దగ్గర బెల్టు తెగింది. ఇనపతీగతో కుట్టాడు. ఇంజను ఆడించి చూస్తే మళ్ళీ తెగింది. మళ్ళీ కుట్టాడు. పొద్దు వంతెన వెనక్కి జారింది. నదిమీద వెలుగు పోయింది. తీగ అతని వేళ్ళలో దిగుతోంది.

"ఇక్కడ పాత స్టేషను గది ఉంది సార్. రాత్రికి ఉండి తెల్లారి వెళ్దాం."

"ఉండేదాన్నే" అంది నర్సమ్మ. "కానీ నా సూది మందు గెస్ట్‌హౌసులో ఉండిపోయింది. రాత్రి తప్పితే తెల్లారేసరికి నన్ను మోసుకెళ్ళాలి మీరు." అని ఆగి, మెల్లగా అంది, "ఇప్పటికే చెమటలు పడుతున్నాయి నాయనా."

అతను ఆవిడ మొహం చూశాడు. బల్ల మీద గోనెపట్టా పరిచాడు. "ఎక్కండమ్మా" అన్నాడు.

బండి రెండు మైళ్ళు వచ్చింది. ముందు కట్టిన టార్చి రెండు బారల పట్టాలు చూపిస్తోంది... అంతకు మించి ఏమీ లేదు. గాలి చల్లబడింది. ఇంజను మోత ఉన్నట్టుండి రెట్టింపయింది.

రాతిగోడలు. గండి.

అతను లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంకో వంద బారలు... ఎనభై... యాభై...

ముందు ఒక దీపం.

చిన్నది. పట్టాల మధ్యన. కదలడం లేదు.

కాలు దానంతటదే బ్రేకు చెక్కని తొక్కింది. చక్రాలు కీచుమన్నాయి. బండి ఆగింది. సరిగ్గా గోడ తొలిచిన చోట.

"ఎంతమంది?"

దగ్గర్నుంచా, దూరం నుంచా? పైనుంచా? తెలియలేదు.

"వచ్చింది... వచ్చిందక్కా" అని తమ్ముడు గుసగుసలాడాడు. కెమెరా తడుముకుంటున్నాడు.

"నోర్ముయ్" అంది ఆవిడ. ఆవిడ చెయ్యి వచ్చి డ్రైవరు చొక్కా అంచు పట్టుకుంది.

తమ్ముడు ఆగలేదు. గొంతు సవరించుకుని, "ముగ్గురం" అన్నాడు, కాస్త నవ్వు కలిపి.

తర్వాత...

"ఎంతమంది?"

మొదటిసారి ఎలా అడిగిందో అలాగే. కోపం లేదు. తొందర లేదు. జవాబు చెప్పాల్సింది ప్రయాణికులు కాదు, బండి తోలేవాడు. అది ఆ దారిలో అందరికీ తెలుసు.

అతను ఇంజను ఆపేశాడు. ఎందుకు ఆపాడో తెలియదు. ఇంజను ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో ఎక్కడో రాతిమీద నీటిచుక్క పడుతున్న చప్పుడు. వెనక నర్సమ్మ ఊపిరి, బరువుగా. నోటిదాకా ముగ్గురం అన్న మాట వచ్చింది. నిజమే కదా, ముగ్గురే. చెప్పేస్తే చల్లగాలి తగిలి పోతుంది. మూడు రోజుల జ్వరం. అందరికీ అంతే అయింది.

"ఎంతమంది?"

"ఒక్కణ్ణే" అని అరిచాడు.

గోడలు ఆ మాటని అటూ ఇటూ విసిరేశాయి.

"ఒక్కణ్ణే ఉన్నానమ్మా. ఏడుగురం కాదు. ఆ రాత్రి వానలో నేనొక్కణ్ణే. మిగతావన్నీ బస్తాలు. దించాల్సింది నేను... నేను దించాల్సింది."

అతను ఏడుస్తున్నాడు. దీపం కదిలింది.

పట్టాల మీదుగా మెల్లగా వచ్చింది. దాని వెనక కాళ్ళు కనపడ్డాయి, నూనె మరకల పంట్లాం కనపడింది. దీపం ఛాతీదాకా లేచింది.

మెకానిక్.

"చీకటి పడ్డా నువ్వు రాలేదు" అన్నాడు. గొంతు ఎండిపోయి ఉంది. "నువ్వెప్పుడూ అలా ఉండవని... నడుచుకుంటూ వచ్చాను."

తమ్ముడు ఊపిరి వదిలి నవ్వాడు. "చంపేశారు కదండీ బాబూ. మీరా ఇందాకట్నుంచి అడుగుతున్నది?"

"ఏమని?"

"అదే... ఎంతమంది అని."

మెకానిక్ అతనివైపు చూశాడు. "నేనేం అడగలేదండీ. ఆ రోజు తర్వాత ఇక్కడికి రావడం ఇదే. ఇక్కడిదాకా వచ్చి కాళ్ళు కదలక నిలబడిపోయాను. నోరు పెగల్లేదు."

తమ్ముడు నవ్వు ఆపేశాడు.

"అది ఆడగొంతురా" అంది నర్సమ్మ, చాలా నెమ్మదిగా. తొలిచిన గోడవైపు చూడకుండా కళ్ళు మూసుకుంది.

మెకానిక్ దీపం కొంచెం ముందుకు చాచాడు. పగటిబండి మొహం మీద వెలుగు పడింది. అలా చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

"ఏం బస్తాలు?" అన్నాడు.

"ఉప్పు."

"తడిసిందా?"

అతను చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"లేదు" అన్నాడు పగటిబండి. "ఒక్క బస్తా కూడా తడవలేదు."

మెకానిక్ దీపం గోడ పక్కన పెట్టి, బల్ల పక్కకి వచ్చి, ఇంజను తిప్పే తాడు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ అమ్మకి బాగాలేనట్టుంది" అన్నాడు, అతనివైపు చూడకుండా. "నువ్వు దిగు. బండి నేను తోలతాను."