డబ్బా పెట్రోలుతో సరిహద్దు దాకా

"ఆ కారు సరిహద్దు దాటకూడదు!" చీఫ్ బల్ల గుద్దాడు. "దాటిందా, పెట్రోలు ఆదా చేసే మన 'వాల్వ్ లిఫ్ట్' ఇంజన్ మీద ఆరేళ్ల రీసెర్చ్ విదేశీ ముఠా పాలు. నీ ఉద్యోగం గంగపాలు."

"అమ్ముతున్నదెవరు సార్?"

"అది తెలిస్తే నువ్వెందుకయ్యా? వాళ్ల కోడ్ వర్డ్ 'నిదానం'. వెళ్లు, త్వరగా!"

ఏజెంట్ నిట్టూర్పు తన మారుపేరుకు న్యాయం చేసి లేచాడు. ఆఫీసు లిఫ్ట్ చెడిపోయి నెలలైంది. వాల్వ్ లిఫ్ట్ రహస్యం కాపాడటానికి ఏడంతస్తులూ కాళ్లీడ్చుకుంటూ దిగాడు.

బకెట్, తుడుపుగుడ్డలతో మారువేషం వేసుకుని టెస్టింగ్ షెడ్‌లో దూరాడు. అక్కడి డిజైనర్ కళ్లు తిప్పుకోనివ్వని అందగత్తె. అందరూ 'సీతాకోక' అంటారు. దొరికినవాడికల్లా పాఠం చెప్పే రకం. ఆవేళ దొరికింది ఇతడే.

"మెల్లగా వెళ్లేటప్పుడు ఇంజన్‌కి కొంచెం గాలి చాలు బాబాయ్. అందుకని మామూలు కార్లలో గాలి వచ్చే దారికి రేకుతలుపు అడ్డం పెడతారు. ముక్కు నొక్కి ఊపిరి పీల్చమన్నట్టు! ఆ గుంజులాటకే బోలెడు పెట్రోలు దండగ. దీన్లో ఆ తలుపు బార్లా తెరిచే ఉంటుంది. గాలి ఎంత కావాలో అంతమేరకే వాల్వు లేస్తుంది."

"లేపేదెవరమ్మా?"

"ఈ బుల్లి మోటారు. దీని ప్లగ్గు ఊడితే వాల్వులు పూర్తిగా లేచి ఉండిపోతాయి. మళ్లీ పాత రేకుతలుపే దిక్కు. బండి నడుస్తుంది, కానీ తాగి నడుస్తుంది."

ఇంతలో నల్లకోటు మనిషి పెట్రోలు డబ్బాతో వచ్చాడు. "నిదానమేనా?"

"నిదానమే," అందామె.

నిట్టూర్పు తుడవడం ఆపాడు. రహస్యం అమ్ముతున్నది ఈవిడే!

నల్లకోటు ఖాళీ ట్యాంకులో డబ్బా వంచాడు. "మీరు చెప్పిన మైలేజీ నిజమైతే దీంతోనే సరిహద్దు గేటు దాటాలి. దాటాకే బేరం."

"చుక్క మిగిలినా నా లెక్కకి అవమానం," అని నవ్వి, ఆమె అతడితో కలిసి నంబరు ప్లేట్లు తేవడానికి లోపలికెళ్లింది.

నిట్టూర్పు పెన్ను పిస్టల్ తీసి, పనిచేస్తుందో లేదోనని నొక్కాడు. చొక్కా నిండా సిరా. వాచీ రేడియో ఆన్ చేశాడు. రేపటి వాతావరణం. "ఛ! ఒక్కటీ ఏడవదు!" అని ఆ కసి అంతా చూపించి మోటారు ప్లగ్గు పీకేశాడు. టెస్ట్ కారు కనుక హెచ్చరిక లైట్లింకా బిగించలేదు.

ప్లేట్లు బిగించి ఇద్దరూ ఎక్కగానే కారు తుర్రుమంది. ఆఫీసు జీపు మాత్రం దగ్గి ఊరుకుంది. రోడ్డు మీద చెయ్యి ఊపీ ఊపీ భుజం పడిపోయాక ఒక సిమెంటు లారీ ఆగింది. ఆరోజు పనిచేసిన మొదటి లిఫ్ట్ అదే.

"కొంచెం తొక్కన్నా!"

"తొక్కుతూనే ఉన్నా. దిగి నడుస్తావా పోనీ?"

ఎదురుగా, కారు తనిఖీ ముగిసి గేటు కర్ర లేస్తోంది. కారు దాని కిందికి జారింది. గుక్క పట్టింది. వెక్కింది. ముందు టైరు సరిహద్దు గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇదేనా మీ మైలేజీ?" నల్లకోటు అరుస్తున్నాడు. సీతాకోక బానెట్ ఎత్తి, వేలాడుతున్న ప్లగ్గు చూసి కొయ్యబారింది. నిట్టూర్పు లారీలోంచి దూకి పట్టుకోమని కేకేశాడు. గేటు కాపలావాళ్లు ఇద్దరినీ పట్టుకున్నారు.

"బాబాయ్... నువ్వా?"

"నీ పాఠం బుర్రకెక్కిన స్టూడెంట్‌ని నేనొక్కణ్ణేనమ్మా."

అప్పుడు తీరిగ్గా వాచీ రేడియోలో చీఫ్ గొంతు పలికింది. "శభాష్! కారు వెనక్కి పట్రా."

"పెట్రోలు లేదు సార్."

"శాంక్షన్ అయ్యేసరికి వారం పడుతుంది. తోసుకురా."

నిట్టూర్పు పొడుగ్గా ఊపిరి పీల్చి, లోకంలోకెల్లా తక్కువ పెట్రోలు తాగే కారును అసలు తాగకుండానే నడిపించడానికి భుజం ఆనించాడు.