తెల్లమొహం వేషం

"నీళ్ళు మాన్పించారా అత్తయ్యా! పొద్దుట్నుంచీ ఒక్క గుక్కైనా పట్టలేదా!"

దర్జీ దుకాణంలో పని ముగించుకొచ్చిన ఆమె ఒళ్ళో ఏడాది పాప తోటకూర కాడలా వాలిపోయింది. పెదవులు ఎండిపోయాయి. ఏడుస్తున్నా కంటి వెంట చుక్క రావడం లేదు...

అత్తగారు బిత్తరపోయింది. "నువ్వు అటు వెళ్ళగానే విరేచనాలు పట్టుకున్నాయే! నువ్వే కదమ్మా ఆ ఫోను వీడియోలో చెప్పావు... 'విరేచనాలు కదండీ, నీళ్ళు మాన్పించేశా!' అని! ఊరంతా చూసిందే కదా!"

నిజమే. అన్నది తనే. రాసిచ్చింది మాత్రం మొగుడు! ఆరోగ్య శాఖ తరఫున ఫోన్లలో ప్రచారం చేసే ఉద్యోగం అతగాడిది. జనానికి మంచి చెప్పాలంటే ముందు నవ్వించాలట! అందుకు ఊరికే దొరికిన మనిషి పెళ్ళాం! ప్రతి వీడియోలోనూ ఆమె తెల్లమొహం వేసుకుని తప్పు చెయ్యాలి. అయ్యవారు ఇస్త్రీ చొక్కాతో ప్రత్యక్షమై, "పిచ్చిదానా!" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఒప్పు చెప్పాలి. చేతులు కడుక్కోమని లోకానికి బోధించే ఈ మహానుభావుడు ఇంట్లో తిన్న కంచం తీసిన పాపాన పోలేదు! జనం తాము నవ్వుకున్న ముక్క వరకే కోసి ఒకరికొకరు పంపుకున్నారు. ఒప్పు చెప్పిన ముక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. కూరగాయల కొట్లో సైతం "ఏం తెల్లమొహం, నీళ్ళు మాన్పించేశావా?" అని వెక్కిరింతలు! నాలుగు మంచి మాటలు జనానికి చేరుతున్నాయి కదా అని అన్నీ దిగమింగింది పిచ్చితల్లి. అత్తగారికి చేరిందీ ఆ కోసిన ముక్కే.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. చాలాసేపటికి పాప పక్క తడిపింది. "ఇక భయం లేదమ్మా" అంది నర్సు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు!

అప్పుడు దిగాడు ప్రచార వీరుడు, ఫోను ముందుకు చాచి.

"అలాగే ఏడువు, కళ్ళు తుడుచుకోకు! 'నా తెలివితక్కువతనం వల్ల నా బిడ్డ...' అను. లక్షల మంది చూస్తారే!"

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తనను హడలగొట్టిన ఆ మనిషిని చూస్తే ఇప్పుడు కోపం కూడా రాలేదు, ఒట్టి రోత పుట్టింది.

"చెప్తాను. విరేచనాలైతే నీళ్ళు ఆపొద్దు, ఓఆర్ఎస్ కలిపి కొంచెం కొంచెంగా పడుతూనే ఉండండి అని మొదటి మాటే ఒప్పు చెప్తాను. నేనింక తప్పు చెప్పను, మొట్టికాయ తినను."

"అలాగైతే ఎవడు చూస్తాడే? నవ్వుకోవడానికేమైనా ఉండొద్దూ? తెల్లమొహం వేషం ఎవరేస్తారు?"

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. కొడుకు చేతిలో ఫోను లాక్కుని కోడలి వైపు తిప్పింది.

"నువ్వు చెప్పు తల్లీ, నేను తీస్తాను. ఒరేయ్, నువ్వెళ్ళి దాని పక్కన ఊరికే నిలబడు. నీకు వేషం కూడా అక్కర్లేదు!"