ఉత్త చేతి అభ్యంతరం

పలాస పురపాలక మందిరంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నలభై ఒక్కమంది రోగులూ అభిప్రాయం నమోదు చేసే ఫలకం మీద “సమ్మతం” అన్న చోటే వేలు ఆనించారు. ఆక్యుపేషనల్ థెరపీ ప్రమాణాల మండలి అధికారి సదాశివం మొహం వెలిగిపోయింది.

“ఏడో నిబంధనకు ఏకగ్రీవ ఆమోదం,” అని ప్రకటించాడు.

ఏమిటా ఏడో నిబంధన? పక్షవాతంతో పడిపోయిన చేతికి ఇకపై కరచోదిని ఒక్కటే చికిత్స. మనసులోని పనిని పసిగట్టి వేళ్లను తానే కదిలించే బూడిదరంగు తొడుగు అది. దాన్ని విప్పించి ఉత్త చేతికి సాధన చేయించిన థెరపిస్టు లైసెన్సు పోతుంది. ఇంకా ముసాయిదాయే, అయినా నిషేధం అప్పుడే అమల్లో పెట్టేశారు! ఇక అభిప్రాయం అడగడం ఎందుకో మండలికే తెలియాలి.

“నానెప్పుడొప్పుకున్నాను బాబూ?” అంటూ లేచింది గున్నమ్మ. ముప్పై ఏళ్లు జీడిపిక్కలు ఒలిచిన మనిషి. “వ్యతిరేకం మీదకే చెయ్యి పెట్టబోయాను. ఈ మాయదారి తొడుగు పక్కకి లాగీసింది!”

సదాశివం ఓపిగ్గా నవ్వాడు. “మూడేళ్లుగా ఆసుపత్రిలో ఏ కాగితం ఇచ్చినా మీరు సమ్మతమే అన్నారమ్మా. కరచోదిని మీ అలవాటు నేర్చుకుంది. మీ పొరపాటు దిద్దింది, అంతే.”

“నాదీ అలాగే లాగీసింది,” అన్నారెవరో. వెనక వరసల్లో గొంతులు లేచాయి.

గున్నమ్మకు ఒళ్లు మండింది. పళ్లతో పట్టి తొడుగు ఊడబీకి, ఉత్త చేతిని ఫలకం మీద పెట్టింది. “గుర్తింపు లేని చేయి,” అంది ఫలకం. అనదూ మరి? ఆమె వేలిముద్రలను జీడిసొన ఎప్పుడో తినేసింది.

“చికిత్సకు నమోదైన చేత్తోనే రాస్తే, కాగితం మీది అభ్యంతరం కూడా చెల్లుతుంది,” అంటూ ఆమె థెరపిస్టు వైదేహి కాగితం తెచ్చి ముందు పెట్టింది.

పెన్ను రెండుసార్లు జారింది. పావుగంటకు కాగితం మీద వంకరటింకరగా నిలిచింది: వద్దు. గున్నమ్మ.

సదాశివం కాగితం అందుకున్నాడు. “తొడుగు లేకుండా ఈ చేయి కదలకూడదే! ఎవరు నేర్పారు?”

చెప్పొద్దని గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. వైదేహి ఓ అడుగు ముందుకేసింది. పన్నెండేళ్ల ఉద్యోగం, ఒక్క మాటతో పోతుంది.

“నేనే. ఎనిమిది నెలలుగా, రోజూ. రాసుకోండి నా పేరు.”

“మీ లైసెన్సు రద్దు.”

“కానివ్వండి.”

అప్పటికే మిగతా నలభైమందీ ఒకరికొకరు సాయపడి తొడుగులు విప్పేస్తున్నారు. పెన్నులు చేతుల్లో పెట్టారు, నిలవలేదు. మూడేళ్లు తొడుగే అంతా చేసిపెడితే, ఆ చేతులు పని మరిచిపోయాయి. ఒక్క వేలు కూడా లేవలేదు. చూసి వైదేహికి ఏడుపొచ్చింది.

“ఐదింటికి గడువు,” అన్నాడు సదాశివం. “ఆలోగా రాయకపోతే సమ్మతాలే.”

లారీ నడిపిన తవిటయ్య చచ్చుబడ్డ చేతిని రెండో చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టాడు. “నాకూ నేర్పమ్మా. ఇక్కడే.”

వైదేహి కుర్చీ లాక్కుని కూర్చుంది. చల్లబడిన ఆ వేళ్లను, లైసెన్సు లేని తన వేళ్లతో, అందరూ చూస్తుండగా పట్టుకుంది.

“ఎన్నాళ్లు పడతాది?” అడిగాడు తవిటయ్య.

“ఎనిమిది నెలలు, తాతా.”

“అయితే ఆ బాబుని కూకోమను.”